ఆలస్యం ఎవరి పేరున?

సంత్రాగాఛి,
ఏప్రిల్ 21

గగన్‌తార ఎయిర్‌వేస్ కోల్‌కతా ఆఫీసు పెద్దలకి,

ముప్ఫై నాలుగేళ్ళు రైలింజన్ నడిపి రిటైరై, హౌరా పక్కన ఈ సంత్రాగాఛిలో స్థిరపడ్డ సూరన్న నమస్కరించి రాసేది. నాకు ఇంగ్లీషు చదవడం వచ్చు గానీ, రాస్తే మర్యాద తప్పుతానేమోనని తెలుగులో రాస్తున్నాను. మీ దగ్గర తెలుగువాళ్ళు ఉండకపోరు.

మొన్న శనివారం నేనూ, నా భార్య గురవమ్మా విశాఖపట్నంలో మీ విమానం ఎక్కాం. ఇద్దరికీ అదే మొదటిసారి. నాలుగింటికి కోల్‌కతాలో దిగాల్సింది. తీరా దిగబోయే ముందు కాలబైశాఖి మబ్బు లేచింది. ఇక్కడ ఎండాకాలపు సాయంత్రాల్లో వచ్చే ఆ గాలివాన సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. విమానం రెండు చుట్లు తిరిగి, వెనక్కి మళ్ళి భువనేశ్వర్‌లో దిగింది. "ఏటి, ఊరు అగుపడతంటే బండి ఎనక్కి తిప్పేత్తన్నాడేటి?" అని గురవమ్మ నా చెయ్యి గిల్లింది. తిప్పింది ఆడమనిషని మైకులో గొంతు విన్నాకే తెలిసింది. చివరికి మూడు గంటలు ఆలస్యంగా కోల్‌కతా చేరాం. మా మనవరాలు జ్యోతిరాణిని చూడటానికి వచ్చిన పెళ్ళివారు మా కోసం ఎదురుచూసి, ఫలహారం పూర్తిచేసి వెళ్ళిపోయారు.

ఇంతకీ నా మనవి. మా రైల్వేలో బండి ఎన్ని నిమిషాలు ఆగితే అన్ని నిమిషాలూ ఎవరో ఒకరి పేరున రాస్తారు. డ్రైవరో, గార్డో, సిగ్నల్ వాళ్ళో. ఊరికే ఆలస్యమైందంటే కుదరదు. మీ మూడు గంటలూ ఎవరి పేరున రాశారో కాగితం మీద పెట్టి పంపగలరు.

ఉంటాను,
సూరన్న

తా.క.: మీరిచ్చిన శాండ్‌విచ్ గురించి ఇందులో ఏమీ రాయడం లేదు. దానికి వేరే ఉత్తరం కావాలి.

---

కోల్‌కతా,
ఏప్రిల్ 27

గౌరవనీయులైన సూరన్న గారికి,

నమస్కారం. ఆఫీసు మొత్తానికి తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి మీ ఉత్తరం నా బల్ల మీదికి వచ్చింది. నిజానికి నాకు మాట్లాడటమే వచ్చు. మా అమ్మ అన్నపూర్ణ చదివి వినిపించింది. ఈ జవాబు కూడా నేను చెబుతుంటే ఆవిడే రాస్తోంది.

మీకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాం. ఆలస్యానికి కారణం వాతావరణం. రికార్డులో కూడా అలాగే రాశాం. ఇందులో ఎవరి తప్పూ లేదు. మా క్షమాపణలతో ఒక కూపన్ జతపరుస్తున్నాం.

భవదీయురాలు,
లక్ష్మీసౌజన్య, ప్రయాణికుల ఫిర్యాదుల విభాగం

తా.క.: ఈ కూపన్ చూపిస్తే మా విమానంలో మరో శాండ్‌విచ్ ఉచితం.

---

సంత్రాగాఛి,
మే 1

చిరంజీవి లక్ష్మీసౌజన్యకి,

ఆశీస్సులు. మీ అమ్మగారి దస్తూరీ ముత్యాల్లా ఉంది. కానీ ఆవిడ చేత రాయించిన విషయమే బాగాలేదు.

వాతావరణం అంటే నేను ఒప్పుకోను. వాన ఏమైనా మీ కంపెనీలో ఉద్యోగం చేస్తోందా? విమానాన్ని తిప్పింది వాన కాదు, మీ డ్రైవరమ్మ. మాకంటే ముందు రెండు విమానాలు అదే వానలో కోల్‌కతాలో దిగాయని భువనేశ్వర్‌లో పక్క సీటాయన ఫోనులో చూసి చెప్పాడు. వానే ఆపి ఉంటే వాటినీ ఆపాలి కదా. కాబట్టి మూడు గంటలూ ఆ డ్రైవరమ్మ పేరున రాయండి. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. అది చూసేదాకా నేను వదలను. అవసరమైతే మీ పైవాళ్ళకి రాస్తాను.

ఉంటాను,
సూరన్న

తా.క.: కూపన్‌ని గురవమ్మ బీరువాలో నగల పక్కన దాచింది. ఆ శాండ్‌విచ్ మళ్ళీ తినే అవసరం రాకుండా చూసుకుంటానంది.

---

కోల్‌కతా,
మే 7

గౌరవనీయులైన సూరన్న గారికి,

నమస్కారం. మీ ఉత్తరాన్ని ఇంగ్లీషులోకి మార్చి పైవాళ్ళకి పంపాను. "వదలను" అన్న మాట దగ్గర మా మేనేజరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

మీ కోరిక ప్రకారం కెప్టెన్ అరుంధతి మీద విచారణ వేశారు. ఈ పద్దెనిమిదో తేదీ సోమవారం, ఉదయం పదకొండు గంటలకి. ముందు రెండు విమానాలు దిగితే ఈవిడ ఎందుకు దిగలేదన్నది మొదటి ప్రశ్న. అప్పటిదాకా ఆవిడ విమానం నడపరు. కెప్టెన్ అయి మూడు నెలలే అయింది. చెప్పిన కారణం పైవాళ్ళకి నచ్చకపోతే మళ్ళీ పక్క సీట్లో కో-పైలట్‌గా కూర్చోవాలి. మీరు చెప్పదలుచుకున్నది రాసి పంపితే అందరి ముందూ నేనే చదువుతాను.

ఇప్పుడు మీకు తృప్తి కలిగిందని ఆశిస్తాం.

భవదీయురాలు,
లక్ష్మీసౌజన్య

తా.క.: ఇది ఆఫీసు మాట కాదు, మా అమ్మ మాట. "పెళ్ళివారు వెళ్ళిపోతే మళ్ళీ వస్తారు. ఆ అమ్మాయి సీటు పోతే ఈయన తెచ్చిపెడతాడా?" కొట్టేయమని చెప్పాను. కలం ఆవిడ చేతిలో ఉంది.

---

సంత్రాగాఛి,
మే 11

అమ్మా లక్ష్మీసౌజన్యా,

నీ ఉత్తరం చదువుతుంటే గురవమ్మ అన్నం ముందు నుంచి లేచిపోయింది. "ఆ పిల్ల మన పేనాలు కాపాడితే, నువ్వు ఆ పిల్ల కొంప ముంచేత్తావా?" అంది. అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు.

నేను ఫిర్యాదు చేయలేదు తల్లీ. సోమవారం ఇది ఒక్క ముక్క వదలకుండా చదువు.

పాతికేళ్ళ కిందట ఇలాంటి సాయంత్రమే మెయిలు బండి నడుపుతూ కోలాఘాట్ నది వంతెన ముందు నేను బండి ఆపేశాను. సిగ్నల్ పచ్చగానే ఉంది. ముందు బండి దాటిపోయింది. ఆ గాలి చూస్తే నాకు మాత్రం మనసొప్పలేదు. గార్డు తిట్టాడు, జనం తిట్టారు. నలభై నిమిషాలు ఆగి, గాలి తగ్గాక దాటాను. వంతెనకి ఏమీ కాలేదు. అప్పుడే దాటి ఉన్నా ఏమీ అయ్యేది కాదేమో. అది నాకు ఇప్పటికీ తెలియదు, ఇక తెలియదు కూడా.

ఆ నలభై నిమిషాలూ నా పేరున రాయమని అడిగాను. పైవాళ్ళు మంచివాళ్ళు, నాకు మాట రాకూడదని "వాన" అని రాశారు. సర్వీసంతా సిగ్నల్ చెప్పినట్టు నడిచాను. నా అంతట నేను ఆలోచించి చేసిన పని అదొక్కటే. దాన్ని వాన పట్టుకుపోయింది. ఇప్పటికీ తలుచుకుంటే కష్టంగా ఉంటుంది.

పట్టాల మీద ముందు బండి వెళ్ళగానే దాని వెనక ఎర్రదీపం పడుతుంది. ఆకాశంలో ఆగమని చెప్పే ఆ దీపమూ లేదు. నూట ఎనభై మంది విసుక్కుంటుంటే ఆ అమ్మాయి తనంతట తనే ఆగింది. ఆ పని వాన చేసిందని రాయొద్దనే నేను పేరు అడిగాను. నాకు చెప్పుకోవడం చేతకాలేదు. క్షమించమను.

నీ తాతలాంటివాడు,
సూరన్న

తా.క.: విచారణకి నన్ను రమ్మంటే వస్తాను. గురవమ్మ కూడా వస్తుంది, కానీ ఆ అమ్మాయి వైపు కూర్చుంటుంది.

---

కోల్‌కతా,
మే 18

తాతగారికి,

నమస్కారం. ఇప్పుడే ఇంటికి వచ్చి అమ్మ చేత రాయిస్తున్నాను. పొద్దున విచారణలో మీ ఉత్తరం మొత్తం ఇంగ్లీషులోకి మార్చి చదివాను. మధ్యలో కెప్టెన్ అరుంధతి గారు ఒక్కచోట ఆపారు. "అది నాకు ఇప్పటికీ తెలియదు" అన్న వాక్యం దగ్గర. మళ్ళీ చదవమన్నారు. ఆ శనివారం నుంచి ఆవిడకి సరిగా నిద్ర లేదట. "ముందు రెండూ దిగాయి కదా, నేనే అనవసరంగా భయపడ్డానా?" అని. "ముప్ఫై నాలుగేళ్ళు నడిపినాయనకే తెలియలేదంటే ఇక నేను పడుకోవచ్చు" అన్నారు.

విచారణ ఇరవై నిమిషాల్లో కొట్టేశారు. రేపటి విశాఖపట్నం విమానం ఆవిడదే. వెళ్ళే ముందు రికార్డు తెప్పించుకుని "వాతావరణం" అన్నది తనే కొట్టేసి, తన పేరు రాసి సంతకం పెట్టారు. నకలు జతపరిచాను. అమ్మమ్మగారికి చూపించండి, మాట్లాడతారు.

మీ మనవరాలిలాంటి,
లక్ష్మీసౌజన్య

తా.క.: మధ్యాహ్నం కెప్టెన్ అభిజిత్, కెప్టెన్ విశాల్ నా బల్ల దగ్గరికి వచ్చారు. పోయిన నెల వాళ్ళు వెనక్కి తిప్పిన విమానాల ఆలస్యం కూడా తమ పేరునే రాయాలట. చూస్తుంటే మా రికార్డులో వాతావరణానికి ఏమీ మిగిలేలా లేదు.