మెడకు చుట్టుకున్న కొంగు

ఆత్మకూర్,
12 జూన్ 1994

తమ్ముడు గాలయ్యకు అక్క దీవెనలు.

నా మీద కోపం తగ్గకపోయినా ఈ ఉత్తరం చివరిదాకా చదువు.

క్యాన్సర్, పక్షవాతం లాంటి పెద్ద రోగాలొస్తే పైసలిచ్చే బీమా కాగితం తెచ్చి, "ఏజెంటునైనంక మొదటి పాలసీ నీదే కావాలె అక్కా" అని ఆశగా అడిగావు. "నాకు రోగం రావాలని చూస్తున్నవా?" అని అరిచాను. వడ్డించిన కంచం వదిలేసి వెళ్లిపోయావు.

అసలు సంగతి వేరు. ఇంత ఎండల్లో మెడకు కొంగెందుకు చుట్టుకున్నావని ఆ రోజు అడిగావు గుర్తుందా? కొంగు కింద నిమ్మకాయంత గడ్డ, దాని మీద దర్గాలో కట్టించుకున్న తాయెత్తు ఉన్నాయి. ఇప్పుడేమైనా జబ్బుందా అని నీ కాగితంలో అడిగారు. ఉందంటే నువ్వు తట్టుకోలేవు. లేదంటే ఆ అబద్ధం నీ చేత్తోనే రాయించినదాన్నవుతాను.

ఉత్త సెగగడ్డేనని మీ బావకు చెప్పి, పక్కింటి ఇక్బాల్ బీని తోడు తీసుకుని పట్నం దవాఖానకు పోయాను. గడ్డ తీసి పరీక్షకు పంపారు. పది రోజులు ముద్ద దిగలేదు. నిన్న డాక్టరమ్మ, "ఉత్త కొవ్వుగడ్డనే అమ్మా, ఫికర్ చెయ్యకు" అంది. నాకన్నా ముందు ఇక్బాల్ బీ ఏడ్చింది.

ఆదివారం కాగితం పట్టుకుని రా. గడ్డ సంగతి ఉన్నదున్నట్టు రాద్దాం. వాళ్లు ఒప్పుకుంటే పాలసీ తీసుకుంటాను, లేకపోతే లేదు. ఆ రోజు నువ్వు వదిలేసిన జొన్నరొట్టెలే మళ్లీ చేస్తాను. ముందు తిను, తర్వాతే సంతకం.

మీ అక్క