మడి కట్టుకున్న పాటలు

మార్చి 3, సోమవారం

కొత్త డాక్ వచ్చింది. కంప్యూటర్‌లోని అంకెల్ని పాటగా మార్చే చిన్న పెట్టె. దారిలో ఎవరూ వేలు పెట్టకుండా పాట ఉన్నదున్నట్టు వస్తేనే దాని మీద నీలం లైటు వెలుగుతుంది. వెలిగింది.

స్టూడియోలో నా పనే యాడ్స్‌కీ సీరియల్స్‌కీ వాల్యూమ్ సమం చెయ్యడం. అందరి గొంతులూ ఒకే ఎత్తుకి కోసి కోసి విసుగొచ్చింది. ఇంట్లో మాత్రం ఒక్క బిట్ కూడా ముట్టుకోను. తమ్ముడు వీటికి మడి కట్టుకున్న పాటలని పేరు పెట్టాడు. వెధవకి చెవులు లేవు.

మార్చి 6

నాన్న సాయంత్రాలు పాటలు పెట్టుకుంటారు. అమ్మ పోయాక ఆయన నోరు విప్పేది ఆ పాటల మధ్యలోనే. ఈ పాటకి మీ అమ్మ ఇలా అంది, అలా అలిగింది అంటూ. కానీ రిమోట్ కింద పెట్టరు. పాతవి గుసగుసలు, కొత్తవి చెవులు చిల్లులు పడే గోల. బొటనవేలు వాల్యూమ్ బటన్ మీదే కాపలా.

కాస్త సమం చెయ్యమ్మా అని అడిగారు. ఒరిజినల్ పాడవుతుందన్నాను. సరేలే అన్నారు.

మార్చి 9, ఆదివారం

కొంప మునిగింది. అమ్మ పాట వచ్చింది. ఆవిడ వంటింట్లో గిన్నెలు సర్దుతూ పాడుకుంటుంటే నాన్న చాటుగా క్యాసెట్‌లో రికార్డు చేశారు. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించింది నేనే. చాలా చిన్న గొంతు. చివర్లో నాన్నని చూసేసి, మైకు దగ్గరికొచ్చి పకపకా నవ్వుతుంది. నాన్న వాల్యూమ్ బాగా పెంచుకుని కళ్ళు మూసుకున్నారు. నవ్వు ఆగీ ఆగకముందే తర్వాతి పాట డప్పులతో మీద పడింది. ఉలిక్కిపడ్డారు. వేడి కాఫీ ఒలికి చెయ్యి కాలింది.

మందు రాస్తూ ఆయన మొహం చూడలేకపోయాను.

మార్చి 10

పాటలు లేవు. మాటలూ లేవు.

మార్చి 12

ఇంకా లేవు. పెట్టనా అంటే వద్దులేమ్మా, ఇలా బాగానే ఉంది అంటారు. ఏం బాగు? గోడ చూస్తూ కూర్చుంటున్నారు. ఇలాగే అలవాటైపోతే? నాకు కాలు నిలవడం లేదు. ఆఫీసులో సబ్బు యాడ్ వాల్యూమ్ తప్పు కొలిచి తిట్లు తిన్నాను. ఆ నీలం లైటు చూస్తే ఒళ్ళు మండుతోంది.

మార్చి 14

పంతం వదిలేశాను. ప్లేయర్‌లో లెవెలింగ్ ఆన్ చేశాను. చిన్నగా ఉన్నదాన్ని పెంచుతుంది, గోలని తగ్గిస్తుంది. లైటు ఆరిపోయింది. బతిమాలి నాన్నని కూర్చోబెట్టాను. మూడు పాటలు హాయిగా నడిచాయి. రిమోట్ ఒళ్ళోకి దిగింది.

తర్వాత అమ్మ. గొంతు చక్కగా వినిపించింది. నవ్వు దగ్గరే చెడింది. అసలే మైకు పక్కన నవ్విన నవ్వు, దాన్ని ఇంకా పెంచితే పట్టే చోటు లేక చిరిగిపోయింది. రేకు గీరినట్టు.

నాన్న లేచి నిలబడ్డారు. "అది మీ అమ్మ నవ్వు కాదమ్మా" అన్నారు.

రోజూ చేసే పనే ఇది. ఇంత చిన్న విషయం ముందే చూసుకోవద్దా నేను?

మార్చి 15

తమ్ముడి దగ్గర ఏడ్చాను. వాడు కంచంలోంచి తలెత్తకుండా అన్నాడు, అమ్మని పైకి లాగడమెందుకు, మిగతావాళ్ళ నోళ్ళు తగ్గించొచ్చుగా అని. చెవులు లేవని తిట్టిన వాడికే ఇంకో అట్టు వేసిపెట్టాను.

రోజంతా కూర్చుని పాటలన్నిటినీ అమ్మ ఎత్తుకి దించాను. ఆవిడ పాటకి మాత్రం సున్నా. పెంచేది లేదు, తగ్గించేది లేదు.

మార్చి 16, సాయంత్రం

మొత్తం చిన్నగా ఉందని నాన్న ఆంప్లిఫయర్ నాబ్ ఒకసారి తిప్పి కూర్చున్నారు. మళ్ళీ దాన్ని ముట్టుకోలేదు. రిమోట్ టేబుల్ మీద. ఎవరిదో పెళ్ళిలో అమ్మ ఒక చెప్పు పోగొట్టుకుని, రెండోది నాన్న చేతిలో పెట్టి వెతకమన్న కథ చెప్పారు. ఎప్పుడూ వినలేదు ఇది. నవ్వలేక చచ్చాం.

మార్చి 17

ఆ నీలం లైటు మీ అమ్మ పాటకొక్కదానికే వెలుగుతోందేమిటని నాన్న అడిగారు.

అవును, ఆవిడకే అన్నాను.