మూడో గడి ఖాళీ

రాజమండ్రి,
22 నవంబరు 2009, ఆదివారం.

మిత్రుడు పల్లంరాజుకు,

త్రిమూర్తులు నమస్కారాలు. ఇక్కడ నేను, వీరవేణి, మా అమ్మాయి హేమశ్రీ క్షేమం. అక్కడ నువ్వు, చెల్లెమ్మ బుల్లెమ్మ, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఈ ఏడు ఉప్పాడలో సముద్రం మీ పక్క వీధిదాకా వచ్చిందని ఎవరో అన్నారు. మీ ఇల్లు ఇంకా దూరమే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

నాలుగేళ్ళుగా పలకనివాడు ఇప్పుడెందుకు ఉత్తరం పంపాడా అనుకుంటావు. ఫోన్ చేస్తే నువ్వు మధ్యలో అడ్డొస్తావు, దానికి నేను అరుస్తాను, మళ్ళీ మొదటికొస్తాం. ఉత్తరమైతే చచ్చినట్టు చివరిదాకా చదువుతావు. పైగా చెప్పవలసిన మంచి కబురొకటి ఉంది. అది నీకు కాక ఇంకెవరికి చెప్పినా బోర్డులు రాసేవాడి కష్టం అర్థం కాదు.

హేమశ్రీ డిగ్రీ అయ్యాక దానవాయిపేటలో ఒక మేడ మీద చిన్న ఆఫీసులో చేరింది. దుర్గాసాయి అనే కుర్రాడిదా ఆఫీసు. మొత్తం నలుగురు. సెల్‌ఫోన్లలో ఆడుకునే ఆటలు తయారుచేస్తారు. ఏడాదిపాటు కూర్చుని ఒక్క ఆట చేశారు, పేరు ‘వలలో మూడు’. వల గళ్ళలో రంగురంగుల చేపలుంటాయి. ఒకే రంగువి మూడు పక్కపక్కన చేరిస్తే అవి వలలో పడి మాయమవుతాయి. అంతే. నేను మొదట పెదవి విరిచాను, తర్వాత ఒక మధ్యాహ్నం అన్నం చల్లారిపోయేదాకా ఆడాను.

ఆట బాగానే ఉంది, తీసుకునేవాడే లేడు. ఇలాంటి ఆటలన్నీ నెట్‌లో ఒక దుకాణంలో పెడతారట. అక్కడ సేల్స్‌మన్ ఉండడు, పిలిచేవాడుండడు. వరసగా చిన్నచిన్న బొమ్మలుంటాయి, ఒక్కో ఆటకి ఒక్కో బొమ్మ. చూసేవాడు వేలితో జరుపుకుంటూ పోతాడు. బొమ్మ దగ్గర వేలు ఆగితే ఆట బతికినట్టు. నెలలోగా జనం తీసుకోకపోతే దాన్ని అట్టడుక్కి తోసేస్తారు. వీళ్ళకి అప్పటికే పదిహేను రోజులు అయిపోయాయి. ఆట పోతే ఆఫీసు మూసేసి హైదరాబాదులో ఉద్యోగం వెతుక్కుంటానని దుర్గాసాయి తేల్చి చెప్పేశాడు. అంటే మా పిల్ల ఇంట్లో కూర్చున్నట్టే. ఆ వారం అది సరిగ్గా తిననే లేదు.

ఒకరోజు తనే, మా నాన్న ముప్ఫయ్యేళ్ళు జనాన్ని ఆపే బోర్డులు రాశాడు, ఆయన్నడుగుదాం అందట. దుర్గాసాయి ఇంటికొచ్చి, బాబాయిగారూ మీరే గట్టెక్కించాలండి అని అడిగాడు. ఎన్నాళ్ళకో ఒకళ్ళు నన్ను బొమ్మ కావాలని అడిగారు. నా సంబరం నువ్వు ఊహించుకోగలవు.

ఆ సంబరమే కొంప ముంచింది. మూడడుగులకి నాలుగడుగుల ప్లైవుడ్ తెప్పించి, ఎనామిల్‌తో మన పద్ధతిలో బోర్డు వేశాను. పైన మధ్యలో గంగమ్మ తల్లి. అటూ ఇటూ అరటిచెట్లు. వెనక గోదావరి, బ్రిడ్జి, దాని మీద రైలు. పడవలో వల విసురుతున్న మనిషి, వలలో పన్నెండు చేపలు, ఒక్కోదానికి పొలుసులు లెక్కపెట్టుకునేలా. ‘వలలో మూడు’ అని మూడు రంగుల నీడలతో పేరు. అడుగున ప్రొప్రయిటరు దుర్గాసాయి, దానవాయిపేట, ఫోన్ నంబరు కూడా. ఏ కొట్టుకైనా అంతే కదా రాస్తాం, దేవుణ్ణీ ఓనర్నీ వదిలేస్తే ఒప్పుకునేదెవరు?

దుర్గాసాయి దాన్ని ఫోటో తీసి, దుకాణంలో ఎంత కనబడుతుందో అంతకి కుదించి ఫోన్లో చూపించాడు. అగ్గిపెట్టె మీద బొమ్మలో సగం లేదు. తల్లి లేదు, రైలు లేదు, చేప అన్న మాటే లేదు. పోపు చిట్లి గోడ మీద పడ్డట్టుంది. ఆ పిల్లాడు మర్యాదస్తుడు, చాలా బాగుందండి, కొంచెం తగ్గిద్దామండి అన్నాడు. పైగా ఆట పేరుని బొమ్మ కింద దుకాణం వాళ్ళే వేసుకుంటారట, బొమ్మలో అక్షరాలు అక్కర్లేదండి అన్నాడు. అక్షరం లేని బోర్డు! ఆ మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది. మీరే గీసుకోండి అని వాళ్ళని పంపేశాను. వెళ్ళేటప్పుడు హేమశ్రీ చెప్పులేసుకుంటూ ఒకసారి నావైపు చూసింది. తిట్టినా బాగుండేది.

అప్పుడే, ఒరేయ్, గంగయ్య పడవ గుర్తొచ్చింది. మనం ఉప్పాడలో పడవలకి రంగులేసిన ఏడాది. దాని ముక్కు మీద నేను తామరపూవూ అమ్మవారూ పేరూ కలిపి మూడ్రోజులు వేశాను. గంగయ్య భార్య అప్పాయమ్మ వచ్చి చూసి, ఏంటండీ ఇది, ఒడ్డున నిలబడి చూత్తే అమ్మోరూ అవుపడదు, అచ్చరమూ అవుపడదు, వచ్చేది మా ఆయనో ఎవరో నాకెలా తెలుత్తాదండీ అని నిలదీసింది. నువ్వు వెంటనే నా మూడ్రోజుల పనీ గీకేశావు. ముక్కంతా నల్లగా పూసి, ఒక్క తెల్లటి కన్ను వేశావు. ఆ రోజు నుంచి అప్పాయమ్మ పొద్దున్నే అంతదూరంలో ఆ కన్ను చూసి బుట్ట ఎత్తుకునేది. బొమ్మలు రానివాడు చేసే పని అని నేను నిన్ను గేలి చేశాను. పదిమందిలో అన్నాను. ఇన్నాళ్ళకి ఒప్పుకుంటున్నాను, ఆ రోజు పని తెలిసినవాడివి నువ్వే.

మర్నాడు హేమశ్రీని కూర్చోబెట్టి ఆ దుకాణంలోని బొమ్మలన్నీ చూపించమన్నాను. అన్నీ ఎరుపూ పసుపూ, అన్నీ నన్ను చూడు నన్ను చూడు అని అరుపులే. మెయిన్ రోడ్డు కొట్ల వరసే అనుకో. వాటి మధ్య మళ్ళీ అరిస్తే ఎవడికి వినబడుతుంది? అందుకని బొమ్మ వెనక నేల మొత్తం నల్లటి నీలం చేశాను. గంగమ్మని దణ్ణం పెట్టి తప్పించాను. పన్నెండు చేపల్లో ఒకటే ఉంచి, వలలో చిక్కినట్టు వేశాను. కన్ను పెద్దదిగా, తెల్లగా, నీ పద్ధతిలో. దూరానికి కూడా కనబడింది. కానీ వీరవేణి చూసి, పాపం అది ఏడుస్తోందండీ, ఎవరాడతారండీ దీంతో అంది. నిజమే. ఆట ఆడేవాడికి జాలి పుడితే ఎలా?

ఇంకో రెండ్రోజులు తలకొట్టుకున్నాక ఒకటి తట్టింది. మూడే గళ్ళు. రెండింట్లో రెండు నారింజ చేపలు, బుగ్గలు ఉబ్బించుకుని. మూడో గడి ఖాళీ. రెండు చేపలూ ఆ ఖాళీవైపే ఓరగా చూస్తుంటాయి. ఇంక ఏమీ లేదు, అక్షరం ముక్క లేదు. హేమశ్రీ ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడింది, నేను మనం బోర్డు చూసుకునే అలవాటున రోడ్డు దాటి టీకొట్టు దగ్గరికెళ్ళి చూశాను. రెండు కళ్ళ జతలూ కనబడ్డాయి. ఇంట్లోకొచ్చి, కళ్ళజోడు లేని వీరవేణికి చూపించాను. కాసేపు చూసి, ఆ మూడోది ఎప్పుడొస్తుందండీ అంది. ఇంక మార్చకు అని హేమశ్రీకి చెప్పేశాను.

సోమవారం దుకాణంలో పాత బొమ్మ తీసి ఇది పెట్టారు. మంగళవారం ఏమీ లేదు. బుధవారం ఏమీ లేదు. నేను పైకి పేపరు చదువుతున్నట్టే కూర్చున్నాను గాని ఒక్క ముక్క తలకెక్కలేదు. మొన్న శుక్రవారం సాయంత్రం హేమశ్రీ మెట్లెక్కుతున్న చప్పుడులోనే తెలిసిపోయింది. జనం తీసుకుంటున్నారట, అంతకంతకూ పెరుగుతున్నారట, దుకాణం వాళ్ళే ఆటని మొదటి వరసలోకి జరిపారట. దుర్గాసాయి హైదరాబాదు మాట మానేసి రెండో ఆట మొదలెడదామన్నాడు. గుండెల మీంచి బరువు దిగింది. చాలా రోజుల తర్వాత నిన్న మా ఇంట్లో ముగ్గురం కలిసి కూర్చుని భోంచేశాం. మా పిల్ల రెండుసార్లు మారు వడ్డించుకుంది.

దుర్గాసాయి నన్ను తెగ పొగిడాడు. ఆ కన్ను నాది కాదు, పల్లంరాజు అని మావాడున్నాడు, వాడిది అని చెప్పాను. ఆయన్ని ఒకసారి పిలవండి అంటున్నాడు. రెండో ఆటకి కూడా బొమ్మ కావాలి. బోర్డులు అచ్చుకొట్టే నీ ఫ్లెక్స్ మిషను ఒక రోజు ఆగితే మునిగిపోయేదేమీ లేదు, ఒకసారి రా. చెల్లెమ్మను కూడా తీసుకురా. వీరవేణి నిన్న కూడా మిమ్మల్నే తలుచుకుంది.

ఇట్లు,
నీ
త్రిమూర్తులు

తా.క. ఈ గుండ్రటి అక్షరాలు నావి కావని నువ్వు మొదటి వరసలోనే పట్టేసి ఉంటావు. రాస్తున్నది హేమశ్రీ. పైన ఈ ఆట బొమ్మల దగ్గర ‘వేశాను’ అని ఉన్న చోటల్లా ‘చెప్పాను, అది వేసింది’ అని చదువుకో. నా కుడిచెయ్యి వణుకుతోంది. నాలుగేళ్ళ క్రితం, ధవళేశ్వరంలో ఆ కిరాణాకొట్టు బోర్డు రాస్తున్నప్పుడే మొదలైంది. నువ్వు కింద నిచ్చెన పట్టుకుని ఉన్నావు, చూడలేదు. ఆ మరుసటి వారం నువ్వు మిషను కొన్నానని చెప్పావు. కుంచె పట్టలేకపోతున్నానని నీ ముందు ఒప్పుకోవడంకంటే, నా కుంచెను నువ్వే చంపావని తిట్టి వెళ్ళిపోవడం నాకు సులువైంది. నీ తప్పు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. పోయిన నెల నరాల డాక్టరుకు చూపించాం. ప్రాణానికి భయం లేదు, ఉన్నదాన్తో బతకొచ్చన్నారు. ఇది రాస్తూ హేమశ్రీ రెండుసార్లు ఆగింది, మనం విడిపోయిన అసలు కారణం దానికీ ఇప్పుడే తెలుస్తోంది. పైన సంతకం మాత్రం నేనే పెట్టాను. వంకర్లు పోయింది, చూసి నవ్వుకోరా, పరవాలేదు.