కత్తెర తిరిగి ఇచ్చేశారు

బుజ్జీ, అమ్మను చూసుకోవడానికి రాజీనామా రాశానన్నావు, ఈ కార్డు చదివాకగాని ఇవ్వకు.

సోమవారం పొద్దున ఎప్పటిలాగే అమ్మకు కాఫీ కలిపిచ్చి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఏడింటి బస్సులో కుట్టు ఫ్యాక్టరీకి వెళ్లాను. అమ్మ తుంటి ఆపరేషన్‌కు రెండు నెలలు సెలవు కావాలని రాసిన కాగితంతోపాటు నా కత్తెర కూడా సూపర్‌వైజరమ్మ బల్లమీద పెట్టాను. మా దగ్గర పని మానేసేవాళ్లు కత్తెర అప్పగించాలి. అన్నాళ్లు రాకపోతే నన్ను ఉంచుకోరనుకున్నాను. ఆవిడ నవ్వింది. "ఇంట్లోవాళ్ల జబ్బుకు పెట్టిన సెలవైతే జీతం రాదుగానీ ఉద్యోగం పోదక్కా, మన ఫ్యాక్టరీ రూలే ఉంది. ముప్పయ్యేళ్లుగా ఇక్కడే ఉండి ఇది తెలీదా? నీ కత్తెరతో నేనేం చేసుకోను, గోళ్లు తీసుకోనా?" అంటూ మళ్లీ నా చేతిలో పెట్టింది.

మీ ఆఫీసులోనూ ఇలాంటి సెలవుందేమో అడుగు. అమ్మ పాత ఎక్స్‌రేలు నీ దగ్గరే ఉన్నాయి, వెంటనే పంపు. మరిదిగారి దగ్గు తగ్గిందా? పిల్లలకు నా దీవెనలు.

సాయంత్రం అమ్మ, తమ్ముడు, నేను కూర్చుని మాట్లాడుకున్నాం. "బుజ్జి ఉద్యోగం మానేసి వస్తే, నేను లేచి నడిచాక కూడా ఇక్కడే కూర్చుని నన్ను సతాయిస్తుంది" అంది అమ్మ. మొదటి రెండు నెలలు నేను, తర్వాత రెండు నెలలు నువ్వు సెలవు పెట్టి చూసుకోవాలని, ఎవరమూ ఉద్యోగం వదలకూడదని తేల్చాం. దేవుడు మనల్ని చల్లగా చూస్తాడు.

అక్క