జీపు కింద ఇనుప దిమ్మెలు

మంగళవారం, రాత్రి

ఒళ్లంతా గ్రీజు. నడుము పట్టేసింది.

వంక నీళ్లు దాటేటప్పుడు అడుగున రాళ్లు తగలకూడదని పోయిన నెల నేనే నా జీపు కమాను పట్టీలకూ ఇరుసుకూ మధ్య ఇనుప దిమ్మెలు పెట్టి నాలుగంగుళాలు లేపాను. ఈరోజు శింగనమల మలుపులో ఆ ఎత్తుకే జీపు ఒరిగి, ఒక పక్క చక్రాలు నేల వదిలాయి. పక్కన నా భార్య లక్ష్మి ఉంది.

ఇల్లు చేరాక అడిగింది. "ఓబులేసు జీపుకీ నువ్వే గదా పెట్టింది? దాంట్లో దినామూ కూలోళ్లు పోతాండారు."

వెంటనే ఫోన్ చేశాను. దిమ్మెలు తీసేద్దాం రమ్మంటే ఓబులేసు నవ్వాడు. "ఏమన్నా, నీది ఎత్తులో పెట్టుకోని నాది దించమంటావా?"

సాయంత్రమంతా జీపు కింద పడుకుని నావి విప్పాను. ఫొటో తీసి పంపాను. చూసినట్టుంది, జవాబు లేదు. పొద్దున కూలీలు ఎక్కకముందే జాకీ, పానాలు పట్టుకుని వాడి ఇంటి ముందు నిలబడాలి.