వన్స్ మోర్ అన్నది నేనే

అన్నయ్యా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. నిన్న సాయంత్రమే తెనాలిలో బాపట్ల కుర్రాళ్ళ బ్యాండు చూశాను. గిటార్లూ డ్రమ్సూ నీకు గిట్టవుగా, నేనూ మూతి ముడుచుకునే కూర్చున్నాను. జనం సినిమా పాట కావాలని గోల చేస్తే, పాడే అబ్బాయి "మేం కట్టుకున్నవే పాడతామండి" అని, కాలవకి నీళ్ళొచ్చిన రోజు మీద పాట ఎత్తుకున్నాడు. చివర్లో వాయిద్యాలన్నీ ఆగి గొంతొక్కటే మిగిలింది.

నాటకంలో పద్యం నచ్చితే నువ్వు లేచి "వన్స్ మోర్!" అని అరిచేవాడివి. నేను సిగ్గుతో తల దించుకునేదాన్ని. నిన్న నేనే లేచి అరిచాను. హాలంతా ఇటు తిరిగింది.

"మళ్ళీ ఇదే పాటాండి?" అన్నాడా అబ్బాయి.

"ఇదే నాయనా, కానివ్వు."

వాళ్ళు మొదలుపెట్టేలోగా పక్క కుర్చీలోంచి నా సంచీ తీసేశాను. ఈసారి నువ్వు వినాలిగా.