తోమిన కుంది

రూపశ్రీకి అత్త దీవెనలు. పొద్దున ఫోన్లో "మీ అమ్మ కుంది తోమొద్దు" అని మాత్రం చెప్పి పెట్టేశాను. ఎందుకో చెప్పడానికి నోరు రాలేదు. గదిలో అతిథుల కోసం పెట్టిన కార్డు తీసుకుని రాస్తున్నాను.

పెండ్లివాళ్లు మాకు పలమనేరు దగ్గర నూరేళ్లనాటి బంగళాలో విడిది ఇచ్చారు. ఇప్పుడు దాన్ని లాడ్జీగా నడుపుతున్నారు. పందిరిమంచం, గోడ గడియారం, అన్నీ ఆనాటివే. నిన్న చూస్తే మూలన ఇత్తడి దీపపు కుంది మసిపట్టి ఉంది. తెల్లారితే శుక్రవారం, నాకు చెయ్యి ఊరుకోలేదు. వంటమనిషిని చింతపండు అడిగి తళతళలాడేలా తోమి, పసుపు కుంకుమ పెట్టి, బంగళా యజమాని యోగానందను పిలిచి చూపించాను. మెచ్చుకుంటాడనుకున్నాను.

ఆయన కుందిని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "మా అవ్వ కడాసారి ముట్టించిన దీపం మసి అమ్మా అది. అట్నే పెట్టుకోనుంటిమి," అన్నాడు. మళ్లీ ఆయనే, "పోనీలేమ్మా, కాఫీ తాగినారా?" అని అడిగాడు. కుంది పక్కన ఆ సంగతి రాసిన చీటీ ఉంది. కళ్లజోడు లేక నేను చదవలేదు. సాయంత్రానికి ఆ చీటీ తీసేశారు.

ఊరగాయ జాడీకి గుడ్డ కట్టావా? మీ మామ మాత్రలు అయిపోయి ఉంటాయి, తెప్పించు. పిల్ల జాహ్నవిని ఎండలో తిరగనివ్వకు.

మీ అమ్మ పోయాక నువ్వు తెచ్చుకున్న కుంది నల్లగా ఉందని చుట్టాల ముందు నిన్ను అన్నాను. ఎందుకు తోమవో ఒక్కనాడూ అడగలేదు. ఆదివారం వస్తాను. అప్పుడు చెప్పు, వింటాను.

మీ అత్త,
సిద్ధమ్మ